అరచేతిలో వైఫై కార్డు

"మామయ్యా... మళ్ళీ పోయింది!"

వీధి చివర మా అక్కావాళ్ళ మేడ మీంచి మేనకోడలి కేక. పొద్దు వాలుతోంది. చేతిలో కూరల సంచితోనే పరుగెత్తాను.

మళ్ళీ పోయిందంటే వైఫై. మధ్యాహ్నం పిల్ల లాప్‌టాప్ తనంతట తానే అప్‌డేట్ చేసుకుంది. అప్పట్నుంచీ కాసేపు నెట్ అందుకోవడం, అంతలోనే తెర నీలంగా మారి చచ్చూరుకోవడం. పాత మిషను, కొత్త చదువు ఒంటబట్టలేదు పాపం. పిల్లేమో ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంది. ఆ సాయంత్రం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలిన ఆశ. పరీక్ష కూడా లాప్‌టాప్‌లోనే పెడతారట, ఫోన్‌లో కుదరదట.

"పాతసామాన్లకి వేసెయ్యమంటే విన్నారా?" అన్నాడు బావ, పేపర్లోంచి తలెత్తకుండా.

నేను కూర్చున్నాను. కొత్త డ్రైవర్ తీసేశాను. డ్రైవరంటే బండి తోలేవాడు కాదండోయ్, వైఫై కార్డుతో పని చేయించే ప్రోగ్రాం. పాతది ఎక్కించి, ఆపి, మళ్ళీ ఆన్ చేశాను. అది పాతదాన్ని గెంటేసి కొత్తదాన్నే తెచ్చుకుంది. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టుకుంది. ఒళ్ళు మండిపోయింది నాకు.

"నీకంటే మొండిది దొరికిందిరా బావమరిదీ!"

పిల్ల మంచి బట్టలు వేసుకోవడానికి లోపలికెళ్ళింది. ఇక లాభం లేదని లాప్‌టాప్‌ని బోర్లించి, కింది చిన్న మూత విప్పి, వైఫై కార్డునే ఊడదీశాను. తపాలా బిళ్ళంత ఉంటుంది, అది లేకపోతే వైఫై అందదు. తుడిచి పెడదామని. ఆ కంగారులో మిషను ఆపడం మర్చిపోయాను. వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. వెలుతురు చాలక కార్డుతో కిటికీ దగ్గరికెళ్ళి గుడ్డతో తుడుస్తున్నాను.

"వచ్చేసింది! నువ్వు మొనగాడివి మామయ్యా!"

తిరిగి చూశాను. పిల్ల ఎప్పుడొచ్చిందో, లాప్‌టాప్‌ని మామూలుగా తిప్పేసి, హెడ్‌ఫోన్ పెట్టేసుకుంది. తెర మీద వైఫై గీతలు నిండుగా ఉన్నాయి. ఎవరెవరివో మొహాలు. పిల్ల "గుడ్ ఈవెనింగ్ సర్" అంటోంది.

కార్డు నా అరచేతిలో ఉంది.

అరవలేను. అరిస్తే ఇంటర్వ్యూ పాడు. లాప్‌టాప్ అంచు కిందనుంచి, కార్డుకి తగిలించాల్సిన రెండు సన్నని వైర్లు బల్ల పక్కకి వేలాడుతున్నాయి. పిల్ల మాట ఆపి అవతలివాళ్ళు చెప్పేది వింటున్నప్పుడల్లా... వాటి కొసలు మెల్లగా పైకి లేస్తున్నాయి. గాలి లేదు. ఫ్యాను లేదు.

"అక్కా..." అన్నాను గుసగుసగా, అరచెయ్యి చాపి. "కార్డు... ఇదిగో..."

"ష్! నోర్మూసుకుని కూర్చో. పిల్ల మాట్లాడుతోంది."

గదిలో చీకటి పడింది. ఎవరూ లైటు వెయ్యలేదు. వైర్లు... పైకి. కిందికి. మళ్ళీ పైకి...

ఉన్నట్టుండి పిల్ల లాప్‌టాప్ మూసేసి గెంతింది. "వచ్చింది! వచ్చే వారం నుంచే రమ్మన్నారు!"

బావ పేపరు విసిరేశాడు. అక్క కళ్ళు తుడుచుకుంటూనే లైట్లేసి కంచాలు పెట్టింది. పొద్దుట్నుంచీ ఎవరూ సరిగ్గా తినలేదు. నన్నూ లాక్కెళ్ళి కూర్చోబెట్టారు. ఆ సంతోషంలో ఏం చెప్పను? ఎడమ పిడికిలి బిగించుకుని, కుడిచేత్తో అన్నం కలిపాను.

"భలే మంచివాళ్ళమ్మా," అంది పిల్ల, బుగ్గలో ముద్దతోనే. "ఒకావిడ మాత్రం మొహం చూపించలేదు. ఏమీ అడగలేదు. అందరూ వెళ్ళిపోయాక ఒక్క మాటంది."

"ఏమందే?"

"'ఆ కార్డు మళ్ళీ పెట్టొద్దని చెప్పు మీ మామయ్యకి. నాకు ఇక్కడ చోటు సరిపోయింది' అంది." పిల్ల నా వైపు తిరిగింది. "ఏం కార్డు మామయ్యా?"