చివరి రంగు

"పచ్చేనా బాబాయ్‌గారూ?" అని పక్కింటి లహరి పిట్టగోడ మీదుగా పలకరించింది.

"పచ్చేనమ్మా," అన్నాడు ప్రవీణ్. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, చూడాల్సిన అవసరమూ లేదు. కాకినాడలో "బాగున్నారా" అని అడగడం జనం మానేసి చాలా ఏళ్లయింది.

ఇంటింటికీ క్షేమజాలం వచ్చాక ఆ బాధ్యత గోడలు తీసుకున్నాయి. మనిషి నాడి, ఊపిరి, నడక, గొంతులో వణుకు, అన్నిటినీ గోడల్లోంచి వచ్చే తరంగాలు పట్టేస్తాయి. ఒక్కొక్కరి పేరిట హాల్లో ఒక క్షేమదీపం ఉంటుంది. మనిషి బాగుంటే పచ్చ, మనసు చెడితే పసుపు, ప్రాణం మీదికొస్తే ఎరుపు. పసుపు వచ్చిందంటే చాలు, ఇల్లు ఊరుకోదు. చల్లగాలి వదులుతుంది, పాట పెడుతుంది, అయినవాళ్లందరికీ కబురు పంపుతుంది. ప్రవీణ్ ఉద్యోగమంతా ఊళ్లో ఈ జాలం వెయ్యడంతోనే సరిపోయింది. ఆయన హాల్లో మూడు దీపాలున్నాయి: తనది, భార్య స్రవంతిది, విజయవాడలో ఉంటున్న కూతురు మేఘనది. పొద్దున్నే దేవుడి గదిలోకి వెళ్లేముందు వాటికి దణ్ణం పెట్టడం ఒక్కటే తక్కువ.

అంతటివాడు జాలం అడుగుపెట్టలేని గది ఒకటి సొంత ఇంట్లోనే కట్టుకున్నాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. పదవీ విరమణ తర్వాత పట్టుకున్న పిచ్చి అది. సముద్రం మీద ఎక్కడో మెరిసిన మెరుపు పాత రేడియోలో చిటపటలాడుతుంది. ఆ చప్పుడు వినడం, దాచుకోవడం ఆయన సరదా. జాలం తరంగాలు దానికి అడ్డమని వెనకగది గోడలకు, కప్పుకు, తలుపుకు రాగి వల కొట్టించి, లోపల పాతకాలపు తీగలు, టిక్కుమనే స్విచ్చి, రేడియో అమర్చుకుని, దాని ఏరియల్ తీగ ఒక్కటి డాబా మీదికి తీసుకున్నాడు. మొదట్లో ఆ గదిలోకి వెళ్లిన ప్రతిసారీ మనిషి మాయమయ్యాడని దీపం ఎర్రబడేది, వీధంతా పరుగెత్తుకొచ్చేది. విసుగెత్తి ఒక ఏర్పాటు చేశాడు: మనిషి జాలానికి అందకపోతే దీపం చివరి రంగులోనే నిలిచిపోతుంది. జాలం తరంగాలకు ఏవో యంత్రాలు పాడవుతున్నాయని మేఘన అడిగితే, వాళ్ల సామాన్ల గదికి కూడా వల కొట్టి ఇదే ఏర్పాటు చేసిపెట్టి వచ్చాడు. ఉత్తపుణ్యానికి అరిచే దీపాల నోరు మూయించడం ఆయన వృత్తిలో మామూలు పనే.

నిన్న సాయంత్రం రేడియోను రికార్డింగులో ఉంచి బజారుకెళ్తూ, మధ్యమధ్యలో తన మాటలు చేర్చుకునే మైకు కట్టెయ్యడం మరిచిపోయాడు. ఇవాళ హెడ్‌ఫోన్లు తగిలించుకుని వింటుంటే మెరుపుల అడుగున ఏదో మూలుగు. తీగ ఎక్కడో వదులైందనుకున్నాడు. ఫ్యాను చప్పుడు తీసేశాడు. కరెంటు హోరు తీసేశాడు. ఇంకా పోకపోతే, పట్టుదల కొద్దీ మెరుపులనూ తీసేశాడు. చివరికి మిగిలింది ఒక ఆడమనిషి ఏడుపు. నోట్లో చెంగు కుక్కుకుని, ఊపిరందక ఆగి, మళ్లీ అందుకునే ఏడుపు. మధ్యలో "ఝాన్సీ" అన్న పిలుపు.

ఝాన్సీ స్రవంతి చెల్లెలు, కిందటి వానాకాలంలో పోయింది. ప్రవీణ్ తలుపు తీసి హాల్లోకి చూశాడు. స్రవంతి దీపం పచ్చగా ఉంది. నిన్న ఆయన బజారు నుంచి వచ్చినప్పుడూ పచ్చగానే ఉంది.

వంటింట్లో గోరుచిక్కుళ్లు ఈనెలు తీస్తున్న స్రవంతిని గుమ్మం దాటకుండానే గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఆ ఏడుపు వినిపించాడు. ఆవిడ తలొంచుకుంది.

"ఎన్నాళ్లనించి ఇది?"

"అది పోయిన కాడ్నించీనండి. మీరు బయటికెళ్లినప్పుడు, కునుకు తీసినప్పుడు. ముందు మనసు కుదురు చేసుకుని, దీపం పచ్చగా ఉండగానే లోపలికొచ్చి తలుపేసుకుంటాను."

"మనింట్లో మనం దొంగచాటుగా ఏడవడమేంటే?"

"మరేం చెయ్యమంటారు? పసుపొచ్చిందంటే ఇల్లంతా మీద పడిపోద్ది. పాటలు, గాలి, అమ్మాయి ఫోను, పక్కింటోళ్లు. నా చెల్లి పెద్దకర్మ కూడా అవ్వకుండానే నన్ను పచ్చ చేసి కూర్చోబెట్టేసింది. నా ఏడుపు ఇంకా అవ్వలేదండి."

"నాతోనన్నా చెప్పొచ్చు కదా."

"మీతోనా?" స్రవంతి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నేను ఎదురుపడితే ముందు గోడకేసి చూస్తారు. అది పచ్చగా ఉంటే ఇంక నాకేసి చూడనే చూడరు."

దీపం వెలిగినంత మాత్రాన తీగలో కబురు వెళ్తోందని అనుకోవద్దని, కొత్తగా పనిలో చేరినవాళ్లకు పాఠం చెప్పింది ప్రవీణే. చచ్చేంత సిగ్గేసింది.

"కాసేపు బయటికెళ్లండి. తలుపేసెళ్లండి," అంది స్రవంతి.

హాల్లో అడుగుపెట్టాడో లేదో ఆయన దీపం పసుపు తిరిగింది. మల్లెల వాసనతో చల్లగాలి వీచింది, ఎక్కడినుంచో వేణువు మొదలైంది, గోడ మీద మేఘన మొహం ప్రత్యక్షమైంది.

"నాన్నా, పసుపొచ్చిందేంటి? అమ్మెలా ఉంది? ఆఁ, అమ్మది పచ్చే. హమ్మయ్య!"

అడిగిందీ తనే, జవాబు చెప్పుకుందీ తనే. ప్రవీణ్ కూతురి పేరిట ఉన్న మూడో దీపం కేసి చూశాడు. అది పసుపు తిరగ్గా చూసి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. మేఘన ఇంట్లో వల కొట్టిన రోజు మాత్రం గుర్తొచ్చింది. ఆ సామాన్ల గదిలో యంత్రమన్నది ఒక్కటీ లేదు. మూలన ఒక చాప, ఒక దిండు ఉన్నాయి, అంతే. ఇవెందుకని ఆ రోజు తను అడగలేదు.

"నువ్వెలా ఉన్నావమ్మా?"

మేఘన నవ్వింది. "దీపం కనబడట్లేదా నాన్నా?"

"దీపం సంగతి వదిలెయ్ తల్లీ. నిన్నడుగుతున్నాను."

ఆ పిల్ల నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. చటుక్కున తల తిప్పుకుంది. "ఒక్క నిమిషం నాన్నా, ఇప్పుడే వస్తా," అంటూ గబగబా లేచి వెళ్లిపోయింది.

గోడ మీద ఖాళీ గది కనిపిస్తోంది. దూరంగా ఒక తలుపు మూసుకున్న చప్పుడైంది. మూడో దీపం పచ్చగానే ఉంది.