ఊపిరి తాగిన లోహం

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన ఈ నాలుగు పళ్లూ ఇప్పుడే రాలిపోవాలి. నవ్వకే మనవరాలా, విను.

నేనూ మీ చిన్నతాతా, అదే మా తమ్ముడు, ఒకే ప్రయోగశాలలో పనిచేసేవాళ్లం. నేలమాళిగలో గది. అక్కడ ఉక్కు సీసాలో ఒక మిశ్రమలోహం ఉండేది. దానికి హైడ్రోజన్ పట్టించడం మా పని. చూడ్డానికి గులకరాళ్లే గానీ, ఎడారి దాటొచ్చిన ఏనుగుల మందలా తాగేది. వాయువు దూరుతుంటే లోపల వరసగా కూర్చున్న పరమాణువులు జరిగి చోటిచ్చేవి. లోహం ఉబ్బేది, వేడెక్కేది, చిటచిటమని పగిలేది. మళ్లీ వేడిచేస్తే తాగిందంతా కక్కేసేది. పగుళ్లు మాత్రం పూడేవి కావు.

నోటి గాలి దానికి తగలకూడదు, తేమకి పాడైపోతుంది. ఒక వానాకాలం మధ్యాహ్నం సీసాలోకి వెళ్లే గొట్టంలో పొడి అడ్డుపడింది. తమ్ముడికి ఇంటికెళ్లే తొందర. గొట్టం నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదేశాడు.

"ఒరేయ్, అదేం పనిరా?"

"ఏం కాదులే అక్కా. దానికీ కాస్త లవంగం రుచి తెలియనీ." పొద్దస్తమానం లవంగం నమిలేవాడులే.

గొట్టం బిగించాడో లేదో, కరెంటు పోయింది.

ఆ చీకటిని చెంబుతో ముంచుకోవచ్చు. తడిసిన ఇనుము వాసన. ఎక్కడో చుక్కచుక్కగా నీరు. కాసేపటికి... చిటచిట.

మేమింకా వాయువు వదలనేలేదు. మరి ఏం తాగుతోంది?

తడిమి చూశాను. తాగేటప్పుడు కాలాల్సిన సీసా మంచుగడ్డలా ఉంది.

"తమ్ముడూ..."

నా మోచేయి పట్టుకున్నాడు.

"అక్కా..." గుసగుస. "ఊపిరి... నాలోకి రావట్లేదు. అటు పోతోంది."

హీటరు వేద్దామంటే కరెంటు లేదు. వాడు కుప్పకూలుతున్నాడు. చేతికి టీ ఫ్లాస్కు తగిలింది. పొగలు కక్కే టీ అంతా సీసా మీద గుమ్మరించాను. సుయ్‌... లోపల ఎవరో నిట్టూర్చారు. గది నిండా లవంగం వాసన. తమ్ముడు నీళ్లలోంచి పైకి తేలినవాడిలా ఒక్కసారిగా ఊపిరి పీల్చాడు.

వాడి ఛాతీకి చెవి ఆనించాను. గుండె కొట్టుకుంటోంది. దాని వెనకే... చిటచిట.

అప్పట్నుంచీ వాడికి చలి తగలనివ్వను. వాడు చల్లబడితే ఇంట్లో దీపాలు నిలవవు. ఊళ్లో పిల్లులన్నీ మన వీధి వదిలి చుట్టూ తిరిగి పోతాయి.

ఇవాళ చలి మరీ ఎక్కువగా ఉంది. కిటికీలన్నీ మూశావా? మరి ఆ తెర చూడు... వాడి గదివైపు ఎవరో లాగినట్టు ఎలా సాగుతోందో.

నా మోకాళ్లు లేవనివ్వవు గానీ, ఈ వేడినీళ్ల సంచి తీసుకెళ్లి చిన్నతాత గుండెల మీద పెట్టిరా తల్లీ. లోపలున్నంతసేపూ ఊపిరి బిగబట్టుకో. ఏమైనా అడిగితే తల ఊపు, చాలు. నోరు తెరవకు.