ఎత్తిపోతల ఎక్స్‌కర్షన్

"ఎత్తిపోతల చూశావా?"

మేజర్ ప్రశ్నకు ఏజెంట్ ఆదినారాయణ తల అడ్డంగా ఊపాడు.

"రేపు చూస్తావు. చూడటమే కాదు, చూపిస్తావు కూడా. గైడువి నువ్వే."

1943. గుంటూరులో తలుపులు మూసిన గది. విశాఖ రేవు నుంచి సైనికులతో బయల్దేరబోతున్న ఓడ రూటు మ్యాపు మైక్రోఫిల్ముగా మారి శత్రుముఠాకు చిక్కింది. దాన్ని మోసే కొరియర్ రేపు ఎక్స్‌కర్షన్ పార్టీలో కలిసి మాచర్ల రైలెక్కుతాడు. ఎత్తిపోతల జలపాతం కింద వాగులో పుట్టి, అదే గుండ్రటి తోలు పడవ, సిద్ధంగా ఉంటుంది. వాగు వెంట పోతే కృష్ణ, కృష్ణ దాటితే నిజాం ఇలాకా. మన పోలీసులు అక్కడ అడుగుపెట్టలేరు. అక్కడి వైర్‌లెస్ నుంచి సబ్‌మెరైన్‌కు కబురు వెళ్తుంది. ఓడ మునుగుతుంది.

"స్టేషన్లోనే అందర్నీ సోదా చేస్తే?"

"ఫిల్ము గోరంత ఉంటుంది. దొరక్కపోతే ముఠా జాగ్రత్తపడి ఇంకో దారి చూసుకుంటుంది. ముందు మనిషిని పసిగట్టు. అన్నట్టు, గ్రామఫోను పాటల రత్నకుమారి కూడా వస్తోంది. డబుల్ ఏజెంట్. మనమూ జీతమిస్తున్నాం, వాళ్ళూ ఇస్తున్నారు. ఎవరి మనిషో నాకే అంతుపట్టడం లేదు."

మేజర్ ఒక నల్ల గొడుగు అందించాడు. పిడిలో ఒకే ఒక్క తూటా.

ఆ ఓడలో తన తమ్ముడు మస్తాన్‌రావు ఉన్నాడని ఆదినారాయణ చెప్పలేదు. చెబితే ఈ అసైన్‌మెంట్ ఇంకొకరికి పోతుందని భయం. యుద్ధం దొరలదైతే కావచ్చు, తమ్ముడు మాత్రం తనవాడు.

మర్నాడు శుక్రవారం. మీటర్‌గేజి రైలు పెళ్ళినడక నడుస్తోంది. ఆదినారాయణకు మాత్రం కూర్చుంటే కాలు నిలవడం లేదు. రాత్రంతా బట్టీపట్టిన గైడు పాఠం తిరగబడింది. ఎడమవైపు కొండలుంటే కుడివైపు చూడమన్నాడు. కుడివైపు పత్తిచేలు తప్ప ఏమీ లేవు.

పెట్టెలో ముగ్గురే అతనికి ముఖ్యం. నల్లకళ్ళద్దాల రత్నకుమారి. మెడలో సిలువ వేలాడే జపమాలతో, నవ్వుముఖంతో బడిపంతులు దానయ్య. "మాది రెంటచింతలండీ. తాతల నాటి క్రైస్తవులం," అన్నాడు ఎక్కగానే. మూడోవాడు నరసరావుపేట బట్టల వ్యాపారి అబ్దుల్ మజీద్. అతని కాళ్ళ మధ్య ఇంత పెద్ద రాగి డేగిసా, మూతకు పిండితో సీలు.

ఆదినారాయణ అనుమానమంతా ఆ డేగిసా మీదే.

"జుమ్మా రోజు గదా సాయిబు గారూ, నమాజు మానుకుని వచ్చారే?"

"ప్రయాణంలో ఉన్నోడికి మాఫీ ఉందయ్యా. ఏందీ, గైడంటే ఈ ఎంక్వయిరీలు గూడా చేస్తాడా?"

"లోపల ఏముందో!"

"బిర్యానీ. చెయ్యి తియ్! ఇప్పుడే మూత కదిలిస్తే దమ్ము పోద్ది."

గురజాల దాటింది. రెంటచింతల దాటింది. స్టేషన్లో ఒక్కరూ దానయ్యను పలకరించలేదు. ఆదినారాయణ అది గమనించనేలేదు, అతని కళ్ళు డేగిసాను వదిలితే కదా! మాచర్లలో దిగి కొంత దూరం ఎడ్లబండ్లు, ఆపైన నడక. నాపరాళ్ళ మీద ఎండ కాలుతోంది. రత్నకుమారి పక్కకొచ్చి మెల్లగా అంది.

"గొడుగు వేసుకోరేం గైడు గారూ? పట్టుకు తిరగడానికేనా?"

అతను గొడుగును రెండో చేతికి మార్చాడు.

జలపాతం హోరు మాట విననివ్వడం లేదు. తుంపర బట్టల్ని తడిపేస్తోంది. మజీద్ డేగిసా మూత తీశాడు. వడ్డించే నెపంతో ఆదినారాయణ గరిటె అడుగుదాకా గుచ్చి కలియబెట్టాడు. మాడు తప్ప ఏమీ తగల్లేదు. తన తెలివికి తనే సిగ్గుపడ్డాడు. ఇంకెంత సేపు? పుట్టి కిందే ఉంది, కొరియర్ ఎవరో తెలియలేదు.

అప్పుడు మజీద్ దానయ్య విస్తరి చూసి గట్టిగా అన్నాడు.

"అదేంది పంతులు గారూ! నువ్వు రెంటచింతలన్నావని పప్పన్నం క్యారేజీ నీకని పక్కన పెట్టానే! మా కొట్టుకొచ్చే మీ ఊరి క్రైస్తవులు శుక్రారం మాంసం ముట్టరు గదా!"

దానయ్య నోటి దగ్గర ఎముక ఆగిపోయింది. నవ్వు కూడా ఆగిపోయింది. మరుక్షణం విస్తరి ఎగిరింది, మనిషి కిందికి దూకాడు.

ఆదినారాయణ వెంటపడ్డాడు. రాళ్ళు, ముళ్ళు, జారుడు బురద. దానయ్య అప్పటికే పుట్టి ఎక్కేశాడు. ఆదినారాయణ గొడుగు పిడి నొక్కాడు. టప్! తుంపరకు మందు తడిసింది. చేతిలో మిగిలింది ఉత్త గొడుగు.

వెనక్కి తిరిగితే రత్నకుమారి. ఆమె పిస్తోలు సూటిగా అతని గుండె మీదికే ఉంది. అది చూసి పుట్టిలో దానయ్య చెయ్యెత్తి నవ్వాడు. పుట్టి ఒడ్డు వదిలింది.

ఇరవై వేషాలు వేసిన ఏజెంటుకు ఆ క్షణాన ఒక్క ఎత్తూ తోచలేదు. "అమ్మా, ఆ ఓడలో నా తమ్ముడున్నాడు," అన్నాడు.

ఆమె అతన్ని ఒక్క క్షణం చూసింది.

"అయితే పక్కకు జరగండి. గురికి అడ్డంగా ఉన్నారు."

రెండు తూటాలు పుట్టి తోలును చీల్చేశాయి. నీళ్ళు బుస్సున లోపలికి వచ్చాయి. పడవవాడు ఈదుకుంటూ మాయమయ్యాడు. ఈత రాని దానయ్య ఒక బండను కరుచుకుని, రక్షించమని కేకలు పెట్టాడు. ఆదినారాయణ అతన్ని ఒడ్డుకు లాగి, చేతులు వెనక్కి కట్టేసి, జపమాల తెంచాడు. సిలువ లోపల బోలు. అందులో గోరంత ఫిల్ము.

"నిజం చెప్పండి. మీరు ఎవరి మనిషి?" అడిగాడు.

"ఇందాకటి దాకా నాకూ తెలీదు," అంటూ ఆమె పిస్తోలు సంచిలో పెట్టుకుంది.

ఆదినారాయణ బండమీద కూలబడ్డాడు. తమ్ముడు బతికాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

అంతలో మజీద్ రొప్పుతూ దిగొచ్చాడు. హోరులో అతనికి తూటాలు వినపడలేదు. తడిసి ముద్దైన దానయ్యనూ, ఏడుస్తున్న గైడునూ చూసి నొచ్చుకున్నాడు.

"తింటే తిన్నావులే పంతులు గారూ, నేను మీ ఊరోళ్ళకి చెప్తానా ఏంది? ఆ మాత్రానికే వాగులో దూకాలా!"