చూసినట్టు గుర్తు

హార్బరు నుంచి తెచ్చిన చేపల తట్టను ఈశ్వరి గుమ్మం పక్కన దించిందో లేదో, లోపల ఫోను మోగింది. బడి నుంచి కబురు. జాలరిపేటలో మిగతా తల్లులకు ఆ చప్పుడు వింటే చిరాకు. ఈశ్వరి మాత్రం చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెడుతుంది.

"ఒలే ఆశా, టీచరమ్మ ఏటి పెట్టిందో సదువు."

మూడో తరగతి పిల్ల. నాయనమ్మ చేతిలోంచి జడ లాక్కుని వచ్చి ఫోను అందుకుంది. దూరంగా పట్టుకుంది, దగ్గరగా తెచ్చుకుంది, నుదురు చిట్లించింది. "పిల్లలందరూ బాగా సదువుతన్నారంట. ఆశ ఇంకా బాగా సదువుతందంట."

"నిజమేటే!" ఈశ్వరి మొహం విప్పారింది. చెయ్యి చీరకు తుడుచుకుని, ఫోనులో బొటనవేలి బొమ్మ మీద నొక్కింది.

చేపలు కోసి కోసి ఆమె వేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. రేషను డిపోలో మిషను ఆ వేలిని ఒప్పుకోదు. నాలుగుసార్లు పెట్టించి, అందరి ముందూ పక్కకు నిలబెట్టి, చివరికి అత్తను తెమ్మంటారు. ఫోనుకి ఆ పేచీ లేదు. జూన్‌లో హిమబిందు టీచరు తల్లులందరినీ పిలిచి, "కబురు చూసినట్టు గుర్తుగా బొటనవేలు పెట్టండమ్మా" అని చెప్పిన మాట ఈశ్వరి మర్చిపోలేదు. తనేమో ఒక్కరోజు కూడా చదువుకోలేదు. అలాంటిది బడే తన వేలు అడిగిందంటే ఆమెకు అదెంత గొప్పో, ఆ మురిపెం ఎవరికి చెప్పుకుంటుంది!

"సేపలు పాడైపోతన్నాయి, ఆ పోను వొగ్గీ" అని అత్త సూర్యకాంతమ్మ సణిగింది.

ఇంకో పావుగంటకు హిమబిందు టీచరే గుమ్మంలోకి వచ్చింది. పద్మనాభం ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి, బడికి పోకుండా తిన్నగా ఇటే వచ్చినట్టుంది, బ్యాగు ఇంకా భుజానే ఉంది.

"రండి మేడం, కూకోండి. మా గుంట బాగా సదువుతందని ఇప్పుడే ఇన్నాను!"

"ఎవరు చెప్పారు?"

"మీరే కదమ్మా, పోనులో."

టీచరు కోపంతోనే వచ్చింది. ఆ మాటకు ఆగిపోయింది. "ఈశ్వరి గారూ, నేను పెట్టింది అది కాదు. ఆశకి చూపు ఆనడం లేదు. ఏ పాఠమైనా విని అప్పజెబుతుంది గానీ, పుస్తకంలో అక్షరం కనపడదు. డాక్టరుకి చూపించమని జులైలో పెట్టాను. బడికి కళ్ల డాక్టర్లు వస్తున్నారు, తల్లో తండ్రో లేకపోతే చూడరు, మీరూ రండి అని పెట్టాను. ఎనిమిది నెలలుగా పెడుతూనే ఉన్నాను. నిమిషంలో వేలు పెడతారు, మనిషి రారు. ఇవాళ బస్సులోంచి పెట్టినదానికీ వేలే!"

ఈశ్వరి ఆశ వైపు తిరిగింది. పెరట్లో వల బాగుచేసుకుంటున్న మొగుడు నూకాలు లేచి వచ్చాడు. "ఏటున్నదో తెలీకుండా ఏలెలా పెట్టీసినావే? బుర్రుందా నీకు?"

"నాకు సదువు రాదు. నీకొచ్చా? ఈ పిల్లకి నానొక్కదాన్నేనా? ఒక్క పాలైనా బడి మొహం సూసినావా నువ్వు?"

"అబద్దాలు సదివిన ఈ గుంటని అనాల!" సూర్యకాంతమ్మ చెయ్యెత్తింది. ఈశ్వరి అడ్డంపడి పిల్లను పొట్టకు హత్తుకుంది. ఆశ అమ్మ చీరలో మొహం దాచుకుంది.

"నాదీ తప్పుంది. వేలు చూసి, మీరు చూశారనుకున్నాను. ఒక్కసారైనా ముందే రావలసింది" అంది టీచరు. ఆ మాట ఇప్పుడు ఎవరికి కావాలి?

ఆ రోజు చేపలు తట్టలోనే ఉండిపోయాయి. మొగుడూ పెళ్లాలు పిల్లను తీసుకుని కళ్లాసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. దగ్గరివి కూడా ఆనని కళ్లట, పుట్టుకతోనే ఉందట. కుడి కన్ను అద్దాలతో చాలావరకు నెట్టుకొస్తుంది. ఎడమ కన్ను మాత్రం పనిలేక మొద్దుబారిపోయింది.

"ఏడెనిమిది నెలలు ముందు తెచ్చినా కొంత లాక్కొచ్చేవాళ్లం. వైద్యం చేస్తాం గానీ, ఆశ పెట్టుకోకండి."

తన పేరు పిలిచారనుకుని పిల్ల తలెత్తి చూసింది. నూకాలు గోడవైపు తిరిగిపోయాడు.

పది రోజులకు అద్దాలు వచ్చాయి. ఆ మధ్యాహ్నం ఆశ గుమ్మంలో కూర్చుని ఫోను తీసింది. ఎవరూ అడగకుండానే, పాత కబుర్లన్నీ మొదటి నుంచి కూడబలుక్కుని చదవడం మొదలెట్టింది.

"ఆ...శ...కు అక్షరాలు కనిపించడం లేదు. డాక్టరుకు చూపించండి. కింద నీ ఏలుందమ్మా."

చేప కోస్తున్న ఈశ్వరి కత్తి ఆగిపోయింది.

"రేపు కళ్ల డాక్టర్లు వస్తున్నారు. తప్పక రండి. దీనికిందా నీ ఏలుంది."

"సాలే తల్లీ, ఆపీ." ఈశ్వరి కత్తి పక్కన పడేసింది. "కనపడతల్లేదని నాకెందుకు సెప్పలేదే? ఆ అబద్దాలెందుకు సదివినావే?"

ఆశ అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "నీకు రాదు కదమ్మా. నాకూ కనపడతల్లేదంటే, మనింట్లో ఇంకెవులు సదువుతారు? బాగా సదువుతన్నానంటే నువ్వు నవ్వుతావు కదా అనీసి..."

ఈశ్వరి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. చేతికున్న పొలుసులు పిల్ల జుట్టుకి అంటుకుంటున్నా పట్టించుకోలేదు. సూర్యకాంతమ్మ లోపల్నుంచి వచ్చి, మనవరాలి ఒళ్లోంచి జారిన అద్దాలు తీసి కొంగుతో తుడిచింది. మళ్లీ ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. తిట్టినా ఆ కన్ను తిరిగి రాదని ఇంటిల్లిపాదికీ తెలుసు.

అంతలో ఫోను మోగింది. ఈసారి అక్షరాలు కావు, మాటల్లోనే పంపిన కబురు. ఆశ నొక్కగానే హిమబిందు టీచరు గొంతు వినిపించింది. "ఈశ్వరి గారూ, రేపటి నుంచి ఆశని ముందు బెంచీలో కూర్చోబెడుతున్నాను. అద్దాలు మర్చిపోకుండా పంపండి. విన్నారా?"

అలవాటు కొద్దీ ఈశ్వరి బొటనవేలు ఆ బొమ్మ మీదికి పోయింది. పోయి, ఆగిపోయింది. డిపో మిషను ఒప్పుకోని వేలిని, కూతురి కన్ను పోతున్నా ఎనిమిది నెలలు ఒప్పుకుంది ఈ ఫోను.

"మాటాడాలంటే ఎక్కడ నొక్కాలే?" అని అడిగింది. ఆశ అద్దాలు పెట్టుకుని, ఫోను కుడి కంటికి దగ్గరగా తెచ్చి వెతికి చూపించింది. ఈశ్వరి నొక్కి పట్టుకుంది. చాలాసేపు ఏడుపే తప్ప మాట రాలేదు. అదంతా కూడా టీచరుకి వెళ్లింది.

"ఇన్నానమ్మా" అంది చివరికి. "ఇయ్యాలే ఇన్నాను."