టేపు మెళ్లో వేసుకున్న గబ్బిలం

తెల్లారేసరికి ఆరేసిన తెల్లకోట్ల మీద మళ్లీ మరకలు పడ్డాయి. అత్తగారు పెరట్లో నిలబడి గోడ అవతలి పెద్ద చెట్టు వంక గుడ్లురిమి చూశారు. రాత్రంతా ఊరి మీద పడి పళ్లు తినొచ్చిన గబ్బిలాలు, ఏ బాదరబందీ లేనట్టు తలకిందులుగా నిద్రపోతున్నాయి.

"పడుకోండి తల్లీ, పడుకోండి! ఆదివారం మీటింగు కానివ్వండి, మీ పని చెబుతాను," అన్నారు వాటితో.

ఆవిడ పేరున్న దర్జీ. మెళ్లో కొలత టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్లు లేరు కాబట్టి వీధి వీధంతా టేపమ్మ అనే పిలుస్తుంది. ఆసుపత్రికి కోట్లు కుట్టిచ్చే మనిషికి మరకలంటే ఒళ్లు మండదా మరి? చెట్టు కొట్టించాలని ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించింది ఆవిడే. ఆవిడ ఒప్పించడమంటే, ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపే అయిపోతుంది.

లోపలికొచ్చి కాలరు కత్తిరించడానికి పాత పేపరు పరిచారు. పేపరు చదివే అలవాటు ఆవిడకు లేదు. ఆవిడ దృష్టిలో పేపరు పుట్టిందే కాలర్ల కోసం. సుద్దముక్క పెట్టబోయిన చోట ఒక కార్టూను కనిపించింది. తల్లి గబ్బిలం కొమ్మకు వేలాడుతూ పిల్ల రెక్క కొలుస్తోంది.

"అప్పుడే రెండు వేళ్లు పెరిగావు. ఇక నా నడుం పట్టుకుని వేలాడ్డం కుదరదు. ఎగురు!" అంటోంది తల్లి.

పిల్ల మాత్రం కింద రోడ్డు మీది జనాన్ని చూస్తోంది. "అమ్మా, వీళ్లంతా నేలకెందుకు వేలాడుతున్నారు?"

"పాపం, వాళ్లకు నేర్పేవాళ్లు లేరు. నవ్వకు, తప్పు."

అత్తగారు కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఆపుకోలేక పకపకా నవ్వారు. ఎవరో గానీ చెయ్యి తిరిగిన మనిషే అనుకుంటూ, రెక్క మీది గీతల పొందిక చూడ్డానికి ఇంకాస్త వంగారు. అప్పుడు కనిపించింది, తల్లి గబ్బిలం మెళ్లో టేపు. తనవాటిలాగే ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. పైగా ఏది కొలిచినా తన నోట వచ్చే ఆ "రెండు వేళ్లు" అన్న మాట! నవ్వు ఠక్కున ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే కోటు కోసం నర్సు వచ్చింది. పేపరు చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"గబ్బిలమ్మే! మా వార్డులో ప్రతివారం ఈ కార్టూను గోడకు అంటిస్తాం. ఎవరు గీస్తారో గానీ మహానుభావులు. ఇదివరకు ఆ చెట్టు మీద రాళ్లేసినవాళ్లే ఇప్పుడు 'పిల్ల ఎగిరిందా లేదా' అని అడుగుతున్నారు..." అంటూ తలెత్తింది. ఆవిడ మెళ్లో టేపు చూసింది. పేపరు వంక చూసింది. పెదవి కొరుక్కుని, కోటు తీసుకుని గబగబా వెళ్లిపోయింది.

ఎవరు గీశారో అత్తగారికి ఒకరు చెప్పక్కర్లేదు. కోడలు పనిచేసేది పేపరాఫీసులో, బొమ్మలు వేసే ఉద్యోగం.

"అమ్మాయ్! ఇలా రా."

కోడలు తడి చేతులతో వంటింట్లోంచి వచ్చి, పేపరు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరిది?"

"గబ్బిలం, అత్తయ్యా."

"నాకూ కళ్లున్నాయి. ఏ గబ్బిలం?"

గడ్డం సగం గీసుకున్న కొడుకు నురగ ముఖంతో బయటికొచ్చాడు. కళ్లద్దాల షాపులో నలుగురికీ చూపు సరిచేసే మనిషే గానీ, సొంతింట్లో ఏం జరుగుతోందో అతనికి అందరికన్నా ఆఖర్న కనిపిస్తుంది.

"సరదాకి వేసింది లేమ్మా..."

"నువ్వు ముందు ముఖం కడుక్కో!" అని అతణ్ణి పంపేసి, ఆవిడ కోడలి వైపు తిరిగారు. "ఆ చెట్టు కొట్టించాలని నేను కాళ్లరిగేలా తిరుగుతుంటే, నా ఇంట్లోనే కూచుని నన్ను గబ్బిలాన్ని చేసి ఊరందరి చేతా నవ్విస్తావా? నా ముఖాన చెప్పడానికి నోరు రాలేదా?"

"చెప్పాను అత్తయ్యా. ఇది పిల్లలున్న కాలం, ఇప్పుడు చెట్టు పడిపోతే ఎగరలేని పిల్లలన్నీ చచ్చిపోతాయని ఎన్నిసార్లు చెప్పాను! మీరు మిషను ఆపలేదు." కోడలు గుమ్మం దాటి పేపరు దగ్గరికొచ్చింది. "నలుగురూ తిట్టుకునేదాన్ని నలుగురూ నవ్వుకునేలా చేస్తే దాని మీద జాలి పుడుతుందేమోనని గీశాను. మిమ్మల్ని ఎగతాళి చెయ్యాలని కాదు. మా అమ్మ నాకు గుర్తే లేదు. హాస్టల్లో పెరిగినదాన్ని, తల్లి పిల్లని ఎలా తిడుతుందో నాకేం తెలుసు? ఈ ఇంటికొచ్చాకే తెలిసింది. నాకు జ్వరమొస్తే తిడుతూనే కదా తడిగుడ్డలు వేశారు? తల్లిని గీద్దామని కూచుంటే మీరే వచ్చారు. ఆ టేపు ఎప్పుడు వేశానో నాకే తెలీదు."

అత్తగారు పేపరు కత్తిరించకుండా మడిచి పక్కన పెట్టారు. ఆ రోజంతా మిషను చప్పుడు వినిపించలేదు.

సాయంత్రం కొడుకు చేత షాపులోంచి బైనాక్యులర్స్ తెప్పించుకుని, కోడల్ని వెంటపెట్టుకుని పెరట్లోకి వెళ్లారు. చాలాసేపు చూశారు. ఒక తల్లి గబ్బిలం పిల్లను పొట్టకు హత్తుకుని, రెక్కలు రెండూ దాని చుట్టూ కప్పుకుంది.

"ఆ రెక్క చూడవే! ఎంత పల్చన! ఎక్కడా ఒక్క అతుకు లేదు," అన్నారు గుసగుసగా. "ఇన్నేళ్లు గుడ్డతో కుస్తీ పట్టాను గానీ అలాంటి మడత నా వల్ల కాలేదు. నువ్వు రోజూ చూసి గీశావా?"

"రోజూ, అత్తయ్యా."

"అందుకే అంత నవ్వొచ్చింది నాకు."

ఆదివారం స్కూలు హాలు నిండిపోయింది. పళ్లకొట్టాయన లేచి, "చెట్టు ఎప్పుడు కొట్టాలో టేపమ్మగారే చెబుతారు," అన్నాడు. తన మాట మీద అంతమంది కదిలొచ్చారు. వాళ్ల ముందు ఆ మాటే మింగాలంటే ఆవిడకు ప్రాణం పోయినంత పనైంది. అయినా లేచారు.

"కొట్టొద్దండీ."

హాల్లో గోల మొదలైంది. "మీరే కదా ఇల్లిల్లూ తిరిగింది! ఇప్పుడు మాట మారుస్తారా?"

"మారుస్తాను. అప్పుడు నాకు మరకలు కనిపించాయి, పిల్లలు కనిపించలేదు. నా కోట్లు లోపల ఆరేసుకుంటాను. పిల్లలన్నీ ఎగిరాక, దండెం మీదికొచ్చిన ఒక్క కొమ్మ తీస్తే చాలు."

"అబ్బో, అచ్చం పేపర్లో గబ్బిలమ్మలా మాట్లాడుతున్నారే!" అన్నారెవరో వెనకనుంచి. కోడలు తల దించేసుకుంది.

"లా ఏంటి నాయనా? అది నేనే! చూస్తే తెలీడం లేదా?" అన్నారు అత్తగారు నిటారుగా నిలబడి.

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. అది వెక్కిరింపు కాదు, ముచ్చటపడ్డ నవ్వు. చెట్టు ఉండాలన్నవాళ్లు చేతులెత్తమంటే మొదట నర్సు ఎత్తింది, ఆ వెనకే చాలా చేతులు లేచాయి. అందరికన్నా ఎక్కువ పళ్లు పోగొట్టుకున్న పళ్లకొట్టాయన కూడా గొణుక్కుంటూనే ఎత్తాడు.

ఇంటికి నడుస్తుంటే కోడలు కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

"గెలిచి ఏడుస్తావేం?" అని కసిరి, కాస్త ఆగి అడిగారు అత్తగారు. "అవునే, బొమ్మ కింద నీ పేరెందుకు వెయ్యలేదు?"

"మీకు తెలిస్తే కోప్పడతారని..."

"కోప్పడ్డాను, అయిపోయింది. వచ్చే వారం నుంచి పెద్ద అక్షరాల్లో వెయ్యి. ఎవరు గీశారని అందరూ అడుగుతుంటే, మా అమ్మాయని చెప్పుకోవద్దూ నేను?"

కోడలు వీధి మధ్యలోనే ఆవిడ భుజం మీద తల పెట్టి, చిన్నప్పట్నుంచీ ఎవరి దగ్గరా ఏడవలేకపోయిన ఏడుపంతా ఏడ్చేసింది.