స్కేటింగ్ హాల్లో పచ్చకళ్ళు

చీకటి పడ్డాక పాత స్కేటింగ్ హాలు వైపు ఎవరూ పోరు. పక్కవీధి చుట్టు తిరిగైనా పోతారు గానీ ఆ గోడ వెంట నడవరు. లోపల పచ్చకళ్ళ దెయ్యం ఉందని పేరు. రెండు కళ్ళు కాదు, నిలువునా వరసగా కళ్ళు... కింద పచ్చవి, పైన ఎర్రవి. తెరుచుకుంటాయట, మూసుకుంటాయట. చప్పుడు మాత్రం ఉండదట.

పాలవాడు చూశాడు. టాక్సీ డ్రైవరు చూశాడు. టైలరు కూడా చూశానన్నాడు గానీ వాడి మాట నేను లెక్కలోకి తీసుకోను. నా చొక్కా చేతులు పొట్టిగా కుట్టి, నా చేతులే పొడుగన్న ఘనుడు వాడు.

ఇప్పుడు చెప్పేది నేను చూసింది కాదు. మా అమ్మాయి చెప్పింది. అది అబద్ధం ఆడదు, నా పెంపకం.

ఆ హాల్లో పాటలు వేసింది నేనే, మూతపడేదాకా. జనం చక్రాల బూట్లు వేసుకుని గుండ్రంగా తిరుగుతుంటే, పాట తెగకుండా ఒకదాని తోక పట్టుకుని ఇంకోదాన్ని ఎక్కించడం నా పని. దానికో మిక్సర్ ఉండేది. వంటింట్లో రుబ్బేది కాదు, రెండు పాటల్ని కలిపే పెట్టె. ఇనప రేకు ఒళ్ళు. చెయ్యి వేస్తే చేతికి జవాబు చెప్పేది. బొత్తాలకి మధ్య ఎడం ఎంతుండాలో అంతే ఉండేది, చేసినవాడికి మనిషి వేళ్ళు ఎంత లావుంటాయో తెలుసు. ఈ పాట నుంచి ఆ పాటకి జరిపే పుల్లని ఫేడరు అంటారు, అది నూనెలో జారినట్టు జారేది. దుమ్ము పడితే మరలు విప్పి, తుడిచి, మళ్ళీ పెట్టుకోవడమే. ఒకసారి ఒకడు బూట్లు అదుపు తప్పి దానిమీద వచ్చి పడ్డాడు. వాడికి కట్టు కట్టారు. మిక్సర్‌ని తుడిచారు. పాట ఆగలేదు.

ఇప్పటివీ చూశాను. పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలిక. బొత్తాలు పాలపళ్ళు ఊగినట్టు ఊగుతాయి. అవి అమ్మేది మా బావమరిది, బజార్లో సౌండు షాపు వాడిదే. నా మిక్సర్‌ని నలుగురిలో "ఇనప ముద్ద" అన్నాడు వాడు. అని చాలా ఏళ్ళయింది. అయితే ఏం, అన్నాడు కదా. మా ఆవిడ మొహం చూసి ఊరుకుంటున్నాను.

మా అమ్మాయి కూడా నా పనిలోకే వచ్చింది. కొత్తగా తెరిచే డాన్సు హాల్లో ఒక సాయంత్రం వాయించి చూపించాలి. నచ్చితే ఉద్యోగం దానిది, లేకపోతే ఇంకెవడిదో. సరిగ్గా ముందురోజు దాని ప్లాస్టిక్ మిక్సర్‌లో ఫేడరు ఒక పక్కకి బిగుసుకుపోయింది. మామయ్య షాపుకి పట్టుకెళితే, లోపలంతా అతికేసి ఉంటుంది, విప్పే వీలుండదు, కొత్తది తెప్పించాల్సిందే, ఈ వారం రాదు అని చేతులు దులుపుకున్నాడట.

హాల్లో నాది ఉంది కదా, తెచ్చుకోమన్నాను. ఆ మాట వాడితో అంటే, తుప్పు పట్టి ఎలకలు కాపురం పెట్టుంటాయే, ఆ దెయ్యాలకొంపకి మాత్రం పోకు అని మరీ మరీ చెప్పాడట.

నేను ఎందుకు వెళ్ళలేదంటారా? హాలు మూసినరోజు ఓనరు తాళాలు తీసుకుని, నన్ను జేబులు చూపించమన్నాడు. ఈ గడప మళ్ళీ తొక్కనని అక్కడే చెప్పి వచ్చాను. ఆయన పోయాడు. నా మాట పోలేదు.

ఓనరు భార్య ఉంది. మా అమ్మాయి అడగ్గానే తాళంచెవి చేతిలో పెట్టి, వీలైతే ఆ దెయ్యాన్ని కూడా తీసుకుపో తల్లీ, దాన్ని చూసే ఎవరూ కొనడం లేదు అందట.

అలా ఒక టార్చీ, ఒక స్క్రూడ్రైవరు పట్టుకుని, రాత్రిపూట, ఒక్కతే వెళ్ళింది.

తలుపు తీసింది. లోపల ముక్కిపోయిన వాసన... పాత రబ్బరు, తడి చెక్క. నాలుగడుగులు వేసిందో లేదో కాలికింద ఏదో జర్రున జారింది. అది ఎగిరి గోడకి కొట్టుకుంది. చూస్తే ఒంటి బూటు, చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి. టార్చీ చేతిలోంచి పడి ఆరిపోయింది.

అప్పుడు కనపడ్డాయి.

హాలు అవతలి చివర, నేను నిలబడే అరుగు మీద — పచ్చకళ్ళు. కిందనుంచి పైకి ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పచ్చ... పచ్చ... పసుపు... చివర ఒక ఎర్రది. టక్కున అన్నీ కిందికి పడిపోయాయి. మళ్ళీ లేచాయి.

చప్పుడు లేదు.

వాటి చుట్టూ తెల్లగా ఒక ఆకారం. కాళ్ళు కనపడవు. తలకి అటూ ఇటూ చేటలంత చెవులు. లోపలినుంచి పచ్చగా వెలుగుతూ, మెల్లగా... ఊగుతోంది.

"ఎవరది?" అందట మా అమ్మాయి. గొంతు దానికే వినపడలేదు.

గొంతు పెంచింది.

"ఎవరు?"

ఊగుతూనే ఉంది. పైగా ఈసారి భుజాలు కూడా ఎగరేసింది.

వెనక్కి తిరిగి పరిగెత్తేదే. తలుపు దాకా వచ్చింది కూడా. అక్కడ ఆగింది. రేపు సాయంత్రం జనం ముందు ఒట్టి చేతులతో నిలబడటం గుర్తొచ్చింది. ఆ ఉద్యోగం కోసం అది పడ్డ కష్టం నాకు తెలుసు. దెయ్యం మహా అయితే చంపుతుంది నాన్నా, వాళ్ళయితే నవ్వుతారు, అంది నాతో తర్వాత.

గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ అరుగు దాకా వెళ్ళింది. కాలికి ఒక వైరు తగిలింది. వంగి తడిమింది. వైరు ఆ ఆకారం లోపలికి పోతోంది.

దెయ్యానికి కరెంటెందుకు?

పట్టుకుని లాగేసింది.

కళ్ళన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. చిమ్మచీకటి. ఆ చీకట్లో చెయ్యి చాచి, చేతికందిన గుడ్డని గట్టిగా పట్టుకుంది. అంతే —

"అమ్మో! దెయ్యం! దెయ్యం!"

అరిచింది మా అమ్మాయి కాదు. దెయ్యమే అరిచింది. అరిచి, అరుగు మీదనుంచి దభీమని కిందపడింది. ఆ గొంతు మా ఇంట్లో ప్రతి ఆదివారం వినపడేదే.

"మామయ్యా?"

చీకట్లోంచి గుసగుసగా వచ్చింది. "మీ నాన్నకి చెప్పకే..."

తలుపు దగ్గర బల్లకింద టార్చీ దొరికి, మళ్ళీ వెలిగాక చూస్తే, దుప్పట్లో చుట్టుకుపోయి మా బావమరిది. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు. స్పీకర్లు ఎప్పుడో అమ్మేశారు గానీ కరెంటు ఇంకా ఉంది కదా, ఫోన్లోంచి మిక్సర్‌కి వైరు పెట్టుకుని చెవుల్లోనే వింటున్నాడు. ఆ పచ్చకళ్ళు, పాట జోరుని బట్టి మిక్సర్ మీద ఎక్కిదిగే దీపాలు. వెలుగు బయటికి పోకుండా దుప్పటి. ఊరందరికీ ప్లాస్టిక్ అంటగట్టి, రాత్రిళ్ళు వెనక కిటికీలోంచి దూరి వచ్చి నా ఇనప ముద్ద మీద చేతులు ఆడిస్తున్నాడు.

మరి అవెందుకు అమ్ముతున్నావని అడిగిందట. అవి పొట్టకోసమే తల్లీ, ఇది చేతికోసం అన్నాడట. ఆ ఒక్కమాటకి వాణ్ణి సగం క్షమించాను. సగమే.

మిక్సర్ తీసుకుపోతానంటే చంటిపిల్లని అడిగినట్టు మొహం పెట్టాడట. చివరికి తనే మరలు విప్పాడు. విప్పుతూ మళ్ళీ అన్నాడు.

"నేను వచ్చేది మీ నాన్నకి తెలిస్తే తలెత్తుకోలేనే. అప్పుడు అంత మాట అన్నాను కదా. ఆయన వచ్చిన రోజున నేను అసలు లోపలికే రాను. కిటికీలో దీపాలు కనపడితే అటునుంచి అటే వెళ్ళిపోతాను."

"నాన్న వస్తాడా?"

"మరి ఎవరనుకున్నావు? మొదటిసారి, తుప్పు చూసి నవ్వుకుందామనే వచ్చాను. గుడ్డ తీస్తే వెచ్చగా ఉంది. ఫేడరు అద్దంలా తుడిచి ఉంది. అంత పట్టింపు మీ నాన్నకి కాక ఎవరికుంటుంది?"

ఇద్దరూ చెరోపక్క పట్టుకుని మోసుకొచ్చారు. మర్నాడు సాయంత్రం నేనూ వెళ్ళాను. చెబితే నా కూతురని చెబుతున్నానంటారు గానీ, ఒక్క పాట తెగలేదు. ఆడి ఆడి జనం చెప్పులు వదిలేశారు. ఉద్యోగం దానికే వచ్చింది. మా బావమరిది ఒక స్తంభం వెనక నిలబడి కళ్ళు తుడుచుకోవడం చూసి, చూడనట్టు ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక, మిక్సర్ బల్లమీద పెట్టి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. చెప్పి నవ్వింది.

"ఇంక దాచకు నాన్నా. అక్కడికి ఎప్పుడెప్పుడు వెళ్ళేవాడివి?"

నేను చెప్పులు విప్పుతున్నాను. ఒక చెప్పు చేతిలోనే ఉండిపోయింది.

"నేను వెళ్ళలేదు."

అది నా మొహం చూసింది. నేను మాట ఇస్తే ఏమిటో దానికి తెలుసు. నవ్వడం మానేసింది. ఇద్దరం మెల్లగా బల్లవైపు తిరిగాం...

ఆ మిక్సర్ ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. రాత్రి ప్లగ్గు నేనే పీకి పడుకుంటాను. పొద్దున చెయ్యి పెడితే వెచ్చగా ఉంటోంది. మా ఆవిడ ఆ గదిలోకి రావడం మానేసింది. నాకేం భయం లేదు. ఫేడరు తుడిచిన తీరు దగ్గరికెళ్ళి చూశాను, మూలమూలలా శుభ్రం. ఎవరైతేనేం, మా బావమరిది కంటే నయం.