మరణ ప్రకటనల్లో బతికున్నవాళ్లు

తండ్రి భౌతికకాయం మీద పూలు పెట్టడానికి వంగినవాడు మళ్లీ లేవలేదు. సైలెన్సర్ బిగించిన తుపాకీ చప్పుడు ఎవరికీ వినపడలేదు. దుఃఖం ఆపుకోలేక కూలిపోయాడనుకున్నారు. పెట్టుడు గడ్డంతో, నల్ల కళ్లద్దాలతో వచ్చిన ఆ మనిషెవరో సొంత అక్క కూడా గుర్తుపట్టలేదు. ఆమెకు తెలిసినంతలో తమ్ముడు ఎనిమిదేళ్ల కిందటే పోయాడు.

"ఆరు నెలల్లో ఇది మూడోది," అన్నాడు చీఫ్, ఫైలు మూసేస్తూ.

ఎదురుగా కూర్చున్నవాణ్ని డిపార్ట్‌మెంటులో గుమాస్తా అంటారు. చూసిన ఐదు నిమిషాలకే మరిచిపోయే ముఖం. ఆ ముఖమే ఇన్నేళ్లూ అతని ప్రాణం కాపాడింది.

"ముగ్గురూ మన ఏజెంట్లే," చీఫ్ కొనసాగించాడు. "అండర్‌కవర్‌లోకి పంపేముందు ముగ్గురూ చచ్చిపోయారని మనమే పేపర్లో వేయించాం."

"నాకూ వేయించారు కదా సార్. పన్నెండేళ్లయింది."

"అందుకే పిలిచాను. ఒక విదేశీ ముఠా పాత మరణ ప్రకటనలన్నీ తిరగేసి మన కుటుంబాల వంశవృక్షాలు గీస్తోంది. ఇంట్లో పెద్దవాళ్లు పోతే చచ్చిన కొడుకు ఎలాగూ వస్తాడని కాపు కాస్తోంది."

"వేలకొద్దీ ప్రకటనల్లో మనవేవో ఎలా పసిగట్టారు?"

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "అన్నీ మన ఆఫీసులో ఒకే మనిషి రాశాడు. ప్రతిదాంట్లో ఒకే వాక్యం. 'భౌతికకాయం లభించనందున అంత్యక్రియలు ఉండవు.'"

గుమాస్తాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"పేపరాఫీసు పాత సంచికల గదికి వెళ్లు. అక్కడ ఒకావిడ ఉంటుంది. వంశచరిత్రలు వెతికిపెట్టడం ఆమె వృత్తి. వాళ్లకూ పనిచేస్తుంది, మనకూ పనిచేస్తుంది. సగమే నమ్ము."

"ఏ సగం సార్?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతాను?"

మధ్యాహ్నం నాలుగు దాటాక రిటైరైన మేష్టారు ఒకాయన ఆ గదిలో అడుగుపెట్టాడు. నెరిసిన పెట్టుడు మీసం, జేబులో కెమెరా పెన్ను, చేతికి ట్రాన్స్‌మిటర్ వాచీ. మైక్రోఫిల్మ్ రీళ్లు పాతబడి గదంతా పుల్లటి వాసన. కిటికీ పక్కన తెర ముందు ఆమె కూర్చుని ఉంది. ఆకుపచ్చ పట్టు శాలువా, చెవులకు ముత్యాలు. అన్నిటి మీదా పేరుకున్న దుమ్ము ఆమె మీద వాలడానికి మొహమాటపడినట్టుంది.

"మా ముత్తాత ఎప్పుడు పోయాడో తెలియదండీ," అన్నాడు.

"ఎప్పుడన్నది వదిలేయండి. వెనక ఎవరు మిగిలారో చూడండి," అంది.

కోడ్ సరిపోయింది. అతను పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"మరణ ప్రకటనలో పోయినవాడి గురించి ఉండేది రెండు ముక్కలే," ఆమె రీలు తిప్పుతూ చెప్పింది. "మిగతాదంతా బతికున్నవాళ్ల సంగతే. భార్య పుట్టింటిపేరు, అల్లుడి ఉద్యోగం, మనవలెంతమంది, చివర్లో ఫోన్ నంబరు. ఒకదాని వెనక ఇంకొకటి చదువుకుంటూపోతే ఇల్లంతా చేతికొస్తుంది. ఇది చూడండి."

తెర మీద ఒక ఫొటో ఆగింది. గుమాస్తా తండ్రి. నాలుగేళ్ల కిందటి తేదీ.

నాన్న పోయాడని అతనికి ఆ క్షణం దాకా తెలియదు. చెల్లెలికి పెళ్లయిందని, తనొక పాపకు మేనమామనని కూడా ఆ అంగుళం ప్రకటన చదివే తెలుసుకున్నాడు. కళ్లు మండాయి. మీసానికి పెట్టిన జిగురు కన్నీటికి ఆగదని ట్రెయినింగులో చెప్పారు. పళ్ల బిగువున కూర్చున్నాడు.

"మీరెవరో నాకు తెలుసు," ఆమె మెల్లగా అంది. "ఈ వంశవృక్షం గీసింది నేనే. మీ అమ్మగారి మరణ ప్రకటన రేపటి పేపర్‌కు ఇచ్చిందీ నేనే."

"అమ్మ... పోయిందా?"

"లేదు. రోజూ సాయంత్రం ఐదింటికి నర్సు వచ్చి షుగర్ ఇంజెక్షన్ ఇస్తుంది. ఈ రోజు వచ్చేది వాళ్ల మనిషి. ఇంతవరకు పోయినవాళ్ల వివరాలే నాచేత రాయించారు. బతికున్న మనిషికి ముందుగా రాయమన్నది ఇదే మొదటిసారి. అందుకే చెబుతున్నాను."

గోడ గడియారంలో ఐదుకు పది నిమిషాలు. అతను వాచీ నొక్కి రెండు ముక్కల్లో చెప్పాడు.

"టీం చేరడానికి పద్దెనిమిది నిమిషాలు," చీఫ్ గొంతు గరగరమంది. "నువ్వు కదలకు. నువ్వు పరుగెత్తాలనే వాళ్లు ఇదంతా చేస్తున్నది."

పద్దెనిమిది నిమిషాలు! ఇల్లు ఊరికి ఆ చివర. ఎగిరి వెళ్లినా అందడు. తెర మీది ఫోన్ నంబరు కనపడింది. బల్ల మీది ఫోన్ అందుకుని, గొంతు మార్చే బిళ్లను రిసీవర్‌కు అతికించాడు.

"హలో, ఎవరండీ?"

పన్నెండేళ్ల తర్వాత విన్న గొంతు.

"పేపరాఫీసు నుంచమ్మా. పాత కుటుంబాల చరిత్ర రాస్తున్నాం. మీవారి మరణ ప్రకటన చూసి..."

"ఆయన పోయి నాలుగేళ్లయింది బాబూ. ఇప్పుడు తీరిందా మీకు?"

వెనక నుంచి ఆడగొంతు: "ఇంజెక్షన్ టైమైందమ్మా."

"ఉండమ్మాయ్, పేపరువాళ్లు. రోజూ వచ్చే పిల్లకు జ్వరమట బాబూ, ఈమెను పంపారు."

అప్పటికే వచ్చేసింది! హెచ్చరిస్తే ఆ మనిషి వింటుంది. ఫోన్‌లో సాక్షి ఉన్నంతసేపూ బలవంతం చేయలేదు. మాట్లాడించడం ఒక్కటే దారి.

"మీ నాన్నగారి గురించి చెప్పండమ్మా."

"రైల్వే గార్డు. బోగీలు తగిలించేచోట కుర్రవాడొకడు ఇరుక్కుంటే లాగబోయి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆ కుర్రవాడు బతికాడులే."

తాతకు రెండు వేళ్లు ఎందుకు లేవో గుమాస్తా ఏనాడూ అడగలేదు. అడగడానికి పరాయివాడు కావలసివచ్చింది.

అమ్మ చెబుతూపోయింది. మధ్యలో నర్సు రెండుసార్లు తొందరపెట్టింది. నిమిషాల ముల్లు మాత్రం నత్తకు తమ్ముడిలా ఉంది.

"పిల్లలమ్మా?"

"కూతురు. కొడుకొకడు ఉండేవాడు. వాడి ప్రకటనలో వయసు తప్పు వేశారయ్యా మీవాళ్లు. ముప్పై రెండని వేశారు. వాడికి ముప్పై ఒకటే. పదిసార్లు ఫోన్ చేశాను. ఒక్క ఏడాదికేముందమ్మా అన్నారు. వాడు బతకని ఏడాదిని వాడికెలా అంటగడతారు?"

బిళ్లకున్న స్విచ్ మీద అతని బొటనవేలు ఆనింది. కాస్త నొక్కితే చాలు, సొంత గొంతు. నొక్కితే ఆ గదిలోనే అమ్మ 'నాన్నా' అని అరుస్తుంది. వేలు తీసేశాడు.

"మీరు మాట్లాడుకోండమ్మా, చెయ్యి మాత్రం ఇలా చాపండి," నర్సు గొంతు దగ్గరగా వినపడింది.

"ఇదిగోనమ్మా, కానీ."

"అమ్మా!" గుమాస్తా దాదాపు అరిచాడు. "ఆ ప్రకటన కటింగ్ మీ దగ్గరుందా? ఇప్పుడే చూసి తేదీ చెబితేనే సవరణ వేయగలం!"

"ఉంది, బీరువాలో ఉంది. ఉండమ్మాయ్, ముందిది కానీ." రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు.

ఆ తర్వాత అంతా చెవులకే. చెప్పుల టపటప. ఆ వెనకే ఇంకో అడుగు. తలుపు బద్దలైన మోత. గాజు పగిలింది. నిశ్శబ్దం. చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేని మనిషి దేన్ని పట్టుకుంటాడు? బల్ల అంచు పట్టుకున్నాడు.

"దొరికింది బాబూ... అయ్యో, హాల్లో ఇంతమంది ఎవరయ్యా? ఆ పిల్లనెందుకు కింద పడేశారు?"

ఎవరో ఫోన్ అందుకుని గుసగుసగా, "సిరంజి మన చేతిలో ఉంది సార్. సూది తగల్లేదు," అన్నారు. అమ్మ వెంటనే లాక్కుంది. "సవరణ వేస్తారా మరి?"

"వేస్తామమ్మా."

"మాటేనా?"

"మాటేనమ్మా."

అతను తల తిప్పేసరికి ఆకుపచ్చ శాలువా లేదు. ముఠా కోసం గీసిన వంశవృక్షాలన్నీ, వాటి కింద ముఠావాళ్ల అడ్రసులూ కుర్చీలో ఉన్నాయి. అతని మీసం సగం ఊడి వేలాడుతోంది.

మర్నాడు పేపర్లో అమ్మ మరణ ప్రకటన రాలేదు. ఎనిమిదో పేజీ మూల చిన్న సవరణ వచ్చింది. పన్నెండేళ్ల కిందటి ప్రకటనలో మృతుడి వయసు ముప్పై ఒకటిగా చదువుకోవలసిందని.

చీఫ్ దాన్ని ఎర్రపెన్సిలుతో చుట్టి ముందుకు తోశాడు. "ఇది నీ పనేనా?"

"తప్పు దిద్దించాను సార్."

"దిద్దాల్సింది అదొక్కటేనా?"

"ఇంకో తప్పుంది సార్. నేను పోయానని వేశారు. దానికి మాత్రం కాలమ్‌లో చోటు లేదన్నారు."